చిన్నడబ్బా ఏలీయా

నంద్యాలలో గేర్‌బాక్సులు విప్పేవాళ్లు చాలామంది ఉండేవారు. విప్పినదాన్ని మళ్లీ బిగించి, బల్ల మీద ఒక్క నట్టు కూడా మిగల్చనివాడు ఏలీయా ఒక్కడే. ఆ సంగతి అతనే చెప్పేవాడు. అడిగినా చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు. నేను ఆళ్లగడ్డ మద్దిలేటి రెడ్డి దగ్గర జీపు డ్రైవర్ని. ఆ జీపు ఏదో ఒక రిపేరుతో ఏడాదిలో మూడు నెలలు ఏలీయా పనిచేసే షెడ్డులోనే ఉండేది కాబట్టి, ఆ మాటలు వినే యోగం అందరికంటే నాకే ఎక్కువ పట్టింది.

రెడ్డి ఆ జీపును పట్టాళం వాళ్ల వేలంలో కొన్నాడు. దానికి పెద్ద గేర్‌బాక్స్ వెనకాల ఇంకో చిన్న గేర్‌బాక్స్ ఉండేది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది అదే. మేం దాన్ని చిన్నడబ్బా అనేవాళ్లం. అందులో ఇరుసుకు రెండు కొసలా రెండు బేరింగులు. వాటి బిగువులోనే ఉంది కిటుకంతా. వదులైతే ఎత్తు ఎక్కేటప్పుడు గేరు ఊడిపోతుంది. బిగుసుకుంటే బేరింగు కాలిపోతుంది. మూతకింద వెంట్రుకంత మందం ఇత్తడి రేకులు పెట్టి ఆ బిగువు కుదర్చాలి. రేకు తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది.

ఈ పనిలో ఏలీయాను మించినవాడు లేడని నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే అతనికి ఒక అలవాటు ఉండేది. ఆఖరి బిగింపుకు ముందు చిన్నడబ్బాను గోనెసంచిలో కట్టి, సైకిలు క్యారియరు మీద పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు.

"ఇంటికెందుకప్పా?" అని ఒకసారి అడిగాను.

"ప్రార్థన చేసి బిగిస్తా. నీకు తెలీదులే సంజీవయ్యా," అన్నాడు.

గేర్‌బాక్సుకు ప్రార్థన ఏమిటని నవ్వుకున్నాను. కానీ మర్నాడు బిగించి ఇచ్చిన డబ్బా ఏడాది దాకా కిక్కురుమనేది కాదు. దాంతో నోరు మూసుకోక తప్పలేదు.

డెబ్బై తొమ్మిదిలో ఏలీయాకు నలభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్లుగా పరాయి షెడ్డులో కూలికి పనిచేస్తున్నాడు. సొంత ఊరు ఆళ్లగడ్డలో తన షెడ్డు పెట్టుకోవాలని అతని ఆశ. మద్దిలేటి రెడ్డికి అక్కడ బస్టాండు పక్కన ఖాళీ స్థలం ఉంది. ఏలీయా ఎన్నిసార్లు అడిగినా రెడ్డి మీసం దువ్వుకుని ఊరుకునేవాడు. ఆ ఏడు మాత్రం ఒక షరతు పెట్టాడు.

కారణం ఆయన తల్లి సరస్వతమ్మ. కిందటేడు ఎగువ అహోబిలం ఎక్కుతుంటే చిన్నడబ్బాలో గేరు ఊడి, జీపు వెనక్కి జారింది. వేరేచోట, ఎవరో కొత్త మేస్త్రీ బిగించిన డబ్బా అది. నేను బండిని రాయికి ఆనించి ఆపాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, పెద్దామె దిగి నడిచే పైకి వెళ్లింది. అప్పట్నుంచి ఆ జీపులో కూర్చుంటే ఒట్టు.

"మాయమ్మ కూర్చోని పైకి పోవల్ల. గేరు ఊడగూడదు. అట్లయితే స్థలం నీకు. లేదంటే ఆ ఊసే ఎత్తగాకు," అన్నాడు రెడ్డి.

ఏలీయాకు ఆ రోజు కాలు నేలమీద నిలవలేదు. ఆ ఊపులోనే ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. మా గుడిలో ఆరాధన మధ్యలో, దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునేవాళ్లు లేచి చెప్పుకుంటారు. రోగం నయమైందని ఒకరు, ఎద్దు దొరికిందని ఒకరు. ఏలీయా లేచి గొంతు సవరించుకుని, కుడిచెయ్యి పైకెత్తి, "ప్రభువు ఈ మణికట్టులో కొలత పెట్టినాడు. నంద్యాల మొత్తంలో ఇంకో చేతికియ్యని కొలత నాకిచ్చినాడు," అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ల వైపు అతని భార్య లూదియా మాత్రం నోరు తెరవలేదు. ముసుగు సర్దుకుని ఆ మణికట్టు వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఈసారి ఏలీయా చిన్నడబ్బాను ఇంటికి తీసుకుపోలేదు. షెడ్డులోనే బిగించేశాడు. ఇరుసు తిప్పి చూసి, ఒక రేకు తీసి, మళ్లీ తిప్పి, ఇంకో రేకు తీసి, "బంగారం" అన్నాడు. ఇద్దరం జీపెక్కి ఆళ్లగడ్డ దారి పట్టాం. శిరివెళ్ల దాటకముందే కాళ్లకింద సెగ తగిలింది. ఆపి చూస్తే డబ్బామీద నూనె పొగలు కక్కుతోంది. చల్లారాక అక్కడే మూత విప్పాం. బేరింగు కాలి నీలంగా మారిపోయింది.

ఏలీయా దారిపక్కన కూలబడ్డాడు. అంతటి మనిషిని అట్లా చూస్తే నాకు కోపం పోయి జాలేసింది.

"ఈసారి ప్రార్థన చెయ్యలేదాప్పా?" అని అడిగాను. ఎగతాళికి కాదు, నిజంగానే.

"ఇంట్లో మాటల్లేవు," అన్నాడు.

ప్రార్థనకూ ఇంట్లో మాటలకూ సంబంధమేమిటని నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. ముప్పై ఏళ్లు సుత్తి కొట్టిన ఆ చేతికి ఎంత బిగువైనా వదులుగానే తోస్తుంది. అందుకని డబ్బాను ఇంటికి తీసుకుపోయి, లూదియా విసుర్రాయి పక్కన నిలబెట్టి, ఇరుసు పైకొసకు బిగించిన ఇనుప బిళ్ల రంధ్రంలో కట్టెపిడి దిగ్గొట్టి ఇచ్చేవాడు. ఆమె విసిరినట్టు తిప్పి చెప్పేది. విసుర్రాయి మధ్య కొయ్యకు గుడ్డపేలిక చుట్టి, పైరాయిని జొన్నపిండికి ఒక ఎత్తున, కందిబేడలకు ఒక ఎత్తున నిలిపే చెయ్యి అది. ఎంత బరువుగా తిరగాలో దానికి తెలుసు. పదమూడేళ్లుగా నంద్యాల తాలూకా చిన్నడబ్బాల బిగువు తేల్చింది ఆమె. మణికట్టులో కొలత ఉందని చెప్పుకున్నవాడు ఏలీయా. ఆ సాక్ష్యం విన్నప్పట్నుంచి ఆమె మొగుడితో మాట్లాడటం మానేసింది.

కర్నూలు నుంచి కొత్త బేరింగులు వచ్చాక, గోనెసంచి మోయడానికి నన్ను తోడు తీసుకుని ఏలీయా ఇంటికి వెళ్లాడు. లూదియా వాకిట్లో కందులు విసురుతోంది. మొగుడి వైపు చూడకుండా నాతోనే మాట్లాడింది.

"ఏందన్నా, ఆయప్ప మణికట్టు యాడికి పోయింది?"

"కాలిపోయిందమ్మా, శిరివెళ్ల కాడ," అన్నాను.

ఆమెకు నవ్వు వచ్చింది గానీ పెదవి కొరికి ఆపుకుంది. ఏలీయా తల వంచుకుని, "తప్పయిపాయమే. ఇంకెవురడిగినా నీ పేరే చెప్తా," అన్నాడు. ఆమె నమ్మినట్టు కనబడలేదు. అయినా చేటలో చెయ్యి దులుపుకుని పిడి పట్టుకుంది. కళ్లు మూసుకుని రెండు చుట్లు తిప్పింది.

"ఇది రాగిపిండికి పెట్టినంత బిగువుండాది. ఒక రేకు ఎయ్యి."

ఏలీయా మూత విప్పి రేకు వేసి, మళ్లీ బిగించాడు.

"ఇప్పుడు మరీ వదులు. దాంట్లో సగం."

అంత పల్చటి రేకు మా దగ్గర లేదు. ఏలీయా ఉన్న రేకునే గరుకు కాగితం మీద అరగంట అరగదీశాడు. ఆమె తిప్పి, "ఊఁ" అని మళ్లీ కందుల్లో చెయ్యి పెట్టింది.

తర్వాతి శనివారం సరస్వతమ్మను బతిమాలి జీపెక్కించాం. రెడ్డి ముందు సీటులో, ఏలీయా వెనక పెద్దామె ఎదురుగా. కిందటేడు జారినచోటికి రాగానే ఆమె గోవిందనామం అందుకుంది, ఏలీయా యేసయ్యను తలుచుకున్నాడు, నేను గేరు కడ్డీని చూస్తూ తోలాను. కడ్డీ కదల్లేదు. జీపు గుర్రుమంటూ పైకి చేరి నిలబడింది.

రెడ్డి దిగి ఏలీయా భుజం తట్టాడు. "ఏం చెయ్యప్పా నీది. మాటంటే మాటే. స్థలం నీ పేరున రాస్తా."

లూదియా అక్కడికి నలభై మైళ్ల దూరంలో ఉంది. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, నేను చెప్పేవాణ్నీ కాను. ఇరవై రెండేళ్ల ఆశ అరచేతిలో పడుతోంది. అప్పుడు ఏలీయా అబద్ధమాడినా నేను తప్పుపట్టేవాణ్ని కాదు. అతను నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"చెయ్యి నాది గాదప్పా. మా యింటిదాన్ది. నేను బోల్టులు బిగిస్తా, అంతే."

రెడ్డికి ఏమీ అర్థం కాలేదు. ఏలీయా నసుగుతూ అంతా చెప్పాడు. రెడ్డి మొహం గంటు పెట్టుకుని, ఆడమనిషి బిగించిన బండిలో ఇంతదూరం వచ్చానా అన్నట్టు జీపు వైపు చూశాడు. సరస్వతమ్మ మాత్రం, "ఇసిరే చేతికి తెలీంది మీకు తెలుస్తాదా? స్థలం ఆ పిల్ల పేరున రాయి," అని కొడుకును కసిరి గుడి మెట్లెక్కింది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగు లేదు.

నంద్యాల చేరగానే ఏలీయా పరుగులాంటి నడకతో ఇంట్లోకి పోయి, స్థలం సంగతీ, అది ఎవరి పేరున రాస్తున్నారన్న సంగతీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. విసురుతున్న లూదియా చెయ్యి ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని మొగుణ్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"అట్లయితే పొద్దున ఎనిమిదికంతా పనిలోకి రావల్ల. ఆలస్యమైతే ఒప్పుకోను," అంది.

ఎనభై ఏడులో నేను డ్రైవరు పని మానేసేదాకా ఆళ్లగడ్డ షెడ్డుకు పోతూనే ఉన్నాను. ఏలీయా ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు.