అవ్వ ముట్టని జున్ను

మొన్న కల్లూరులో మా మనవరాలు తన కుక్కపిల్లకు సూది వేయించడానికి పోతూ నన్నూ ఆటో ఎక్కించింది. పశువైద్యుడిగా ఉద్యోగం విరమించి ఎన్నేళ్ళయినా ఇట్లాంటి పనులకు ఇంట్లో నేనే పెద్దదిక్కు. అక్కడి కుర్ర డాక్టరు కబుర్లు చెబుతూనే సూది వేసేసి, పిచ్చికుక్క జబ్బు ఇక దీని జోలికి రాదు తాతా అన్నాడు. ఆయనకు అది రోజూ చేసే పని. నాకు మాత్రం రాయచోటి గుర్తుకొచ్చింది, దానితో పాటు ఒక బర్రే, ఒక అవ్వా గుర్తుకొచ్చారు.

యుద్ధం జరుగుతున్న రోజులవి. మద్రాసులో పశువైద్యం చదువుకొని మొదటి ఉద్యోగానికి వచ్చిన నాకు రాయచోటిలో ఒక వర్తకుల ఇంట్లో ముందుగది అద్దెకు దొరికింది. పశువుకు వచ్చిన జబ్బు మనిషికి ఏ దారిన దాటుతుందో తెలుసుకోవాలని నాకప్పుడు ఒకటే తపన. మైక్రోస్కోపుకు కూడా చిక్కనంత చిన్న క్రిములు ఎద్దునూ మనిషినీ ఒకే తీరున పడగొడతాయని చదివినప్పటి నుంచి ఆ ఆలోచన నన్ను వదిలేది కాదు. పాలు పితికేవాళ్ళ చేతుల మీద పొక్కులు కనిపిస్తే చాలు, ఆ చెయ్యి పట్టుకొని కూర్చునేవాణ్ణి. ఏమప్పా, జాతకం చెప్తాండావా అని వాళ్ళు నవ్వేవాళ్ళు.

ఇంటి యజమాని తల్లిని వీధి అంతా అవ్వ అనే పిలిచేది కనుక నేనూ అట్లాగే పిలిచాను. చిన్నవయసులోనే భర్త పోయి, ఒంటిపూట భోజనంతో, మడితో బతుకు వెళ్ళదీసిన మనిషి. ఎంగిలి అవుతుందని నీళ్ళచెంబును పెదవికి ఆనించేది కాదు, పైనుంచి గొంతులో పోసుకునేది. అంత మడీ పెరట్లో బర్రె దగ్గరికి పోతే మటుమాయం. దాని మెడ నిమురుతూ, మూతి తుడుస్తూ, ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోని సంగతులు దానికి చెప్పుకునేది. అది ఈనినప్పుడల్లా జున్ను వండించి ఇంటింటికీ గిన్నెలు పంపడం ఆమె ఆనవాయితీ. పురిటిపాలని తాను మాత్రం ముట్టేది కాదు.

ఆ ఏడు జున్ను పంచిన కొన్నాళ్ళకే బర్రె మేత మానేసింది. నేను పల్లెలు తిరిగి వచ్చేసరికి నోటివెంట చొంగ కారుస్తూ, బొంగురుగా అరుస్తూ, కట్టుగుంజను కుమ్ముతోంది. కొన్ని నెలల కిందట కొండవార మేస్తుండగా దాన్ని నక్క కరిచిన సంగతి అప్పుడు బయటపడింది. మరునాడే బర్రె చచ్చిపోయింది. మెదడు ముక్కను గ్లిజరిన్ సీసాలో పెట్టి పరీక్షకు మద్రాసుకు పంపాను గాని, జవాబు వచ్చేదాకా ఆగితే మనుషులు దక్కరని నాకు తెలుసు.

పిచ్చిబర్రె జున్ను తిన్నామని వీధి వీధంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని ఆసుపత్రికి పరిగెత్తింది. ఉడికిన జున్నులో ఆ జబ్బు బతకదని డాక్టరుగారూ నేనూ గొంతు చించుకున్నా వినేవాళ్ళు లేరు. ఉన్న మందు ఒకరిద్దరికి మించి సరిపోదు. వాళ్ళ గోల వాళ్ళది, నా ఆరా నాది; జబ్బు మొదలైనప్పుడు బర్రె ఎట్లా ఉండింది, దగ్గరికి ఎవరు పోయారు అని కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ వచ్చాను. చివరికి అవ్వ కోడలు చెప్పింది, గొంతులో జొన్నదంటు అడ్డం పడిందనుకొని అత్తగారు దాని నోట్లో మోచేతిదాకా చెయ్యిపెట్టి వెతికిందని. పెరట్లోకి పోతే అవ్వ తల్లిలేని దూడకు పాలలో ముంచిన గుడ్డ చీకిస్తోంది, ముంజేతి మీద బర్రె పళ్ళు గీరిన గాట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ మందు నిజంగా కావలసిన మనిషి ఆమె ఒక్కతే, ఆమేమో నిశ్చింతగా ఇంట్లో కూర్చుని ఉంది.

సూది వేయించుకోమంటే ససేమిరా అంది.

"నేను జున్ను నోట్లో ఏసుకోనే లేదు గదప్పా, నాకెందుకు సూది?"

బొడ్డు చుట్టూ రోజుకొకటి పొడుస్తారని విన్నాక, పరాయి మగవాడి ముందు పొట్ట చూపేకంటే చావడం మేలంది. కొడుకు ఏడ్చాడు, కోడలు కాళ్ళు పట్టుకుంది. నేను నరాలనీ మెదడనీ చదివినదంతా వల్లించాను. ఆమె దూడ మూతి తుడుస్తూ వినిందే గాని కదలలేదు. ఆఖరికి విసుగొచ్చి అన్నాను, జబ్బు జున్నులో లేదవ్వా, బర్రె ఎంగిలిలో ఉంది, ఆ ఎంగిలి నీ నెత్తురులో కలిసింది అని.

అవ్వ చెయ్యి ఆగిపోయింది. గాట్ల వంక చాలాసేపు చూసుకుంది. ఎంగిలి ఎట్లా అంటుకుంటుందో, కంటికి కనపడకుండా ఎంతదూరం పోతుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

"ముందే ఆ మాట అనకపోతివే," అని లేచి, తలమీద నీళ్ళు పోసుకొని ఆసుపత్రికి బయలుదేరింది.

నర్సమ్మ చీర అడ్డం పట్టుకుంటే రోజూ పోయి పొడిపించుకొని వచ్చేది. ఆ మందు గొర్రె మెదడుతో చేస్తారన్న మాట మాత్రం నేను ఆ శాకాహారపు ఇంట్లో పొరపాటున కూడా బయటపెట్టలేదు. ఆ జబ్బు వస్తే ముందు నీళ్ళే మింగుడుపడవు కనుక, తర్వాత నెలల తరబడి పొద్దున్నే ఆమె చెంబెత్తి నీళ్ళు పోసుకుంటుంటే, గొంతు దిగుతున్నాయా లేదా అని నా గదిలోంచి దొంగచూపులు చూసేవాణ్ణి. దిగేవి. దిగిన ప్రతిసారీ నాకు కళ్ళు చెమర్చేవి.

దూడ కూడా బతికింది, ఎట్లా బతికిందో ఇప్పటికీ చెప్పలేను. స్వాతంత్ర్యం రాబోతున్న ఏడు అది తొలిచూలు ఈనింది. అవ్వ మామూలుగానే ఇంటింటికీ జున్ను పంపితే, పిచ్చిబర్రె బిడ్డ పాలు మాకొద్దని ఒక్కరూ తీసుకోలేదు. ఆమె గిన్నెలన్నీ కడపబండ అరుగు మీద పెట్టించి, వీధి అంతా చూస్తుండగా బయటికి వచ్చి నిలబడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పురిటిపాలు ముట్టని మనిషి, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. కాసేపటికి ఎదురింటి ఇల్లాలు తల వంచుకొని వచ్చి తన గిన్నె తీసుకుంది, ఆమె వెనక మిగతావాళ్ళు వచ్చారు. ఆ సాయంత్రం అవ్వ తలస్నానం చేసి, మర్నాడంతా పస్తు ఉందని కోడలు తర్వాత నాతో చెప్పింది.

ఇప్పుడు పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, ఏ పెరటి బర్రెవో తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు. మందులు పెరిగాయి, భయాలు తగ్గాయి, బతుకంతా ఆ పని మీదే గడిపిన నాకంటే దానికి సంతోషించేవాడు ఎవరుంటారు. కాకపోతే పక్కింటివాళ్ళ భయం పోగొట్టడానికి తన నియమం తాను తప్పాల్సిన అవసరం ఇప్పుడు ఎవరికీ రావడం లేదు. అది మంచికే అని తెలిసినా, ఎందుకో వెలితిగానే ఉంటుంది.