చెట్టు తరఫున మా అప్ప పలికేది

మా చిన్నప్పుడు పెరట్లో ఉన్న పనస చెట్టుని చంపేస్తానని బెదిరించేదాన్ని నేను... చేతిలో నిజం గొడ్డలితో!

నవ్వకండి. కాపు సరిగ్గా రాని ఏడాది మా అమ్మ దగ్గరుండి చేయించే పని అది. ఒకరు గొడ్డలి పట్టుకుని చెట్టుని బెదిరించాలి. ఇంకొకరు మాను వెనక నక్కి, చెట్టు తరఫున బతిమాలాలి. అలా భయపెడితే వచ్చే ఏడు కాస్తుందని నమ్మకం. ఇంట్లో ఉన్నది ఇద్దరాడపిల్లలం. నా నోరు పెద్దది కాబట్టి గొడ్డలి నాకు. చెట్టు వెనక చోటు మా అక్కకి. మా వైపు అక్కని అప్ప అంటాం లెండి.

గొడ్డలి మొద్దు వైపుతో మూడు దెబ్బలు వేసి అరిచేదాన్ని. "ఏటే, కాస్తావా సస్తావా? వొచ్చీ యేడు కాయకపోతే నరికెస్తాను!"

వెనక నుంచి అప్ప సన్నటి గొంతు... "వద్దమ్మా, నరకొద్దు... కాస్తాను. నిండా కాస్తాను."

ఒక ఏడాది బతిమాలుతూ బతిమాలుతూ నిజంగానే ఏడ్చేసింది పిచ్చిది. మరుసటి ఏడు చూడాలి, మొదలు నుంచి పై కొమ్మ దాకా కాయలే! ఇక అప్పని పట్టలేకపోయాం. "నా మాటకే కాసింది, ఇది నా సెట్టు" అని మానుకి ఇంత పొడుగు మేకు దిగ్గొట్టి, రోజూ బడి సంచీ దానికే తగిలించేది. నా సంచీ తగిలిస్తే తీసి విసిరేసేది...

తర్వాత అప్ప పెళ్లై కొత్తవలస వెళ్లిపోయింది. అమ్మ పోయింది. ఇంట్లో నేనూ, నా కుట్టు మిషనూ మిగిలాం.

నాలుగేళ్ల కిందట, అక్కడ ఇల్లు కట్టుకుంటున్నప్పుడు అప్ప నా దగ్గరికి వచ్చింది. కాఫీ తాగుతూ మెల్లగా అంది. "ఒసే, ఆ పనస కొట్టించి నా ఇంటికి తలుపులు సేయించుకుంతానే. అమ్మ గురుతుగా ఉంటాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "బతికున్న సెట్టుని నరకమనడానికి నీకు నోరెలా వచ్చిందే? నీ తలుపుల కోసం దాన్ని సంపుతావేటి?" అన్నాను. అక్కడితో ఊరుకున్నానా... ఇంకా చాలా అన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది.

చిన్నప్పుడు నరుకుతానన్నది నేను, వద్దన్నది అప్ప. పెద్దయ్యాక అటుదిటూ అయింది. అప్ప సగం కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేసి వెళ్లిపోయింది. మళ్లీ ఫోను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. తనే ముందు చెయ్యాలని బిగుసుకుని కూర్చున్నాను.

కిందటి వానలకి పెరట్లో నీళ్లు నిలబడిపోయి వేరు కుళ్లింది. వేసవికి ఆకన్నదే లేదు. ఎవరి కోసం అప్పతో దెబ్బలాడానో, ఆ చెట్టే పోయింది.

మా సందు ఇరుకు, లారీ రాదు. అందుకని సూరిబాబు అనే కోతపని అతను మిషన్ రంపం పెరట్లోకే తెచ్చాడు. అతను పెట్రోలు పోసుకుంటుంటే నేను లోపలికెళ్లి పాత గొడ్డలి తెచ్చాను. ఎందుకో తెలీదు. మాను మీద మూడు దెబ్బలు వేశాను. "కాస్తావా సస్తావా" అన్నాను. కాసేపు నిలబడ్డాను... వెనక నుంచి ఎవరూ పలకలేదు.

సూరిబాబు నన్ను వింతగా చూశాడు. "మేకులు గానీ ఉన్నాయేటమ్మా ఇందల? ఉంటే ముందే సెప్పండి, రంపం పళ్లు పోతాయి" అన్నాడు.

"లేవు బాబూ" అన్నాను ఘంటాపథంగా.

చెట్టు పడగొట్టి, కొమ్మలు తీసేసి, దుంగని పొడుగ్గా పడుకోబెట్టాడు. రంపానికి ఇనుప చట్రం బిగించి పలకలు కోయడం మొదలెట్టాడు. మా చిన్నప్పుడైతే పెద్ద రంపంతో పైనొకరు, కిందొకరు ఉంటేనే ఈ పని అయ్యేది. ఇప్పుడు ఒక్క మనిషి చాలు. పెరడంతా పసుపు చల్లినట్టు పొట్టు. "బొబ్బిలోలు సూస్తే వీణలకి ఎత్తుకుపోతారమ్మా ఈ కర్ర" అంటున్నాడు మధ్యలో.

రెండో పలక సగంలో ఉండగా కీచుమని నిప్పురవ్వలు లేచాయి. రంపం ఆపేశాడు. ఉలితో తవ్వితే బయటపడింది... అప్ప మేకు! బెరడు పెరిగి, పెరిగి దాన్ని ఎప్పుడో లోపలికి మింగేసింది. చుట్టూ అరచెయ్యంత నల్లటి మరక.

"మేకులు నేవన్నారు కదమ్మా!" అని కేకలేశాడు. నేను నవ్వాను... ఆ నవ్వే ఏడుపైపోయింది. పాపం అతను కంగారుపడి, "పోన్లెండి, ఈ మరకున్న సోట కోసి పారేసి రెండు ముక్కలు సేసెస్తాను" అన్నాడు.

"వద్దు బాబూ. ముక్కలు చేస్తే తలుపుకి పొడుగు చాలదు. అలాగే ఉంచు" అన్నాను.

తలుపు అన్న మాట నా నోట్లోంచి వచ్చాకే తెలిసింది, అవి ఎవరి కోసం కోయిస్తున్నానో.

పలకలు వసారాలో ఉన్నాయిప్పుడు. మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చాడు, నీడన ఆరాలట. ఒక్కోదాని మీదా సుద్దముక్కతో 'అప్ప' అని రాశాను. మేకు నా కుట్టు మిషను సొరుగులో, సూదుల డబ్బాలో ఉంది. ఫోను నాలుగుసార్లు తీశాను... నంబరు నొక్కలేకపోయాను. అందుకే, అప్ప కంట పడుతుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

మీ ఇళ్లలో చెట్టు వెనక నిలబడి ఎవరు పలికేవారు? ఏమని బతిమాలేవారు? రాయండి, మా అప్ప రాసేదాకా అవే చదువుకుంటాను.

అప్పా... ఎప్పుడూ గొడ్డలి పట్టుకున్నది నేనే. ఈసారి చెట్టు తరఫున నేను బతిమాలుతున్నాను. తలుపులు నీవే. ఒక్కసారి పలకవే.