వెనకసీట్లో ఖైరున్నీసా గారు

2022 డిసెంబరు. మచిలీపట్నంలో డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టి అప్పటికి పందొమ్మిదేళ్లు. నా చదువు పదో తరగతితో ఆగింది. బ్రేకు నొక్కాక బండి ఎంత దూరంలో ఆగుతుందో రోడ్డు మీద సుద్దముక్కతో గీసి, టేపుతో కొలిచి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను.

ఆ నెలలో పర్వీన్ అనే టీచరు వచ్చింది. ఆమెకు కోడూరు దగ్గర బడికి బదిలీ అయింది. ఇంట్లో తల్లీ కూతుళ్లు ఇద్దరే. తండ్రి రోడ్డు ప్రమాదంలో పోయారు.

"అమ్మీ కారుకి ఒప్పుకుంటే రోజూ బందరు నుంచే వెళ్లొస్తాను మాస్టారూ. లేదంటే ఆవిణ్ణి ఒంటరిగా వదిలి అక్కడే గది తీసుకోవాలి."

తల్లి ఖైరున్నీసా గారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. దారిలో ఎన్నిసార్లు ఫోన్ చేసినా కూతురు ఎత్తాలి. నేనే సలహా ఇచ్చాను: "దానిదేముందమ్మా, ఫోన్ని కారు స్పీకరుకి కలిపేద్దాం. చేతులు స్టీరింగ్ వదలవు."

మా బండి డ్యూయల్ కంట్రోల్. అంటే నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. పదకొండో రోజు చల్లపల్లి దాటాం. కోతల కాలం కదా, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచు వెంట రాళ్లు పెట్టారు. ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావే?"

"చల్లపల్లి దాటాం అమ్మీ."

"నీళ్లు తాగావా? గొంతు అదోలా ఉందేం?"

"ఏం లేదమ్మీ, బానే ఉన్నా..."

బ్రేకు నేను నొక్కాను. రాళ్లకు రెండు మూరల ఇవతల బండి ఆగింది. అవతల కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని చూసింది.

"ఏవమ్మా, వడ్ల మీంచి పోదామనా, నా మీంచి పోదామనా?"

పర్వీన్ నా వైపు తిరిగింది. "రోడ్డే చూస్తున్నాను మాస్టారూ, ఒట్టు."

ఆమె అబద్ధం చెప్పలేదు. చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. కానీ వడ్ల దగ్గరి ఆవిడ కనబడలేదు. స్క్రీన్ మీద చూస్తే ఆ కాల్ ఇరవయ్యారు సెకన్లు. నలభై స్పీడులో సెకనుకు పదకొండు మీటర్లు. దాదాపు మూడు వందల మీటర్ల రోడ్డు ఆమె ఎదురుగానే ఉండీ ఆమెకు అందలేదు. అన్నీ కొలిచే నేను దీన్ని ఏనాడూ కొలవలేదు.

మర్నాడు ఖైరున్నీసా గారిని వెనకసీట్లో కూర్చోబెట్టాను. బండ్లు లేని రోడ్డు చూసి, నా కాలు బ్రేకు మీద ఉంచుకుని, "ఇప్పుడు మీ అమ్మాయికి ఫోన్ చేయండమ్మా" అన్నాను.

"ఇదేం చోద్యం! చెయ్యి చాపితే జడ అందుతుంటే ఫోనా?" అని నవ్వి, చేశారు. తల్లీ కూతుళ్లు రాత్రికి చేపల పులుసు సంగతి మాట్లాడుకున్నారు. తర్వాత బండి పక్కకు ఆపించాను.

"ఇందాక ఎడమ పక్కన ఎవరెళ్తున్నారు పర్వీన్?"

"ఎవరూ లేరండి."

వెనక నుంచి మెల్లగా వినబడింది. "తట్ట ఎత్తుకుని ఒక ముసలాయన. ఆయన వెనక మేక. నేను చూశాను బేటా."

ఖైరున్నీసా గారు ఫోన్ సంచిలో పడేసుకున్నారు. "అంటే రోజూ నేనే దీని కళ్లు మూసేదాన్నా మాస్టారూ?"

ఆ సాయంత్రం ఒక కాగితం మీద టైములు వేసిచ్చాను. బడి దగ్గర బయల్దేరే ముందు ఒక ఫోన్, చల్లపల్లిలో బండి ఆపి ఒకటి. ఇల్లు చేరే టైము అయిదూ యాభై.

లైసెన్సు వచ్చి, పర్వీన్ ఒంటరిగా వెళ్లిన మొదటి రోజు, ఆరూ ఒకటికి ఖైరున్నీసా గారు నాకు ఫోన్ చేశారు.

"మాస్టారూ, మీ లెక్క పదకొండు నిమిషాలు తప్పింది."

"చల్లపల్లి నుంచి ఫోన్ చేసిందా అమ్మా?"

"చేసింది."

"అయితే రొయ్యల లారీల వెనక పడి ఉంటుంది. అవి నేను లెక్కలో వేయలేదు, తప్పు నాదే. అమ్మాయికేమైనా ఫోన్ చేశారా?"

"చేయలేదు. చెయ్యి ఫోన్ మీదికే పోతోంది, అందుకే మీకు చేశా. మీరు బండి మీద లేరు కదా?"

"లేనమ్మా, కుర్చీలో ఉన్నా."

"అయితే పెట్టేయకండి."

పెట్టేయలేదు. ఆవిడ పులుసులో చింతపండు ఎంత వేయాలో చెప్తూ, మధ్యలో ఆగి వింటూ, మళ్లీ చెప్తూ ఉన్నారు. గేటు చప్పుడైంది. ఫోన్ ఆపడం కూడా మర్చిపోయారు. "వచ్చావా బేటా" అన్న మాట నాకూ వినబడింది.

చేతులు స్టీరింగ్ మీద ఉంటే చాలని అంతకుముందు అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను. చివరి క్లాసుకు మాత్రం ఒంటరిగా రావద్దంటాను. మీకు అందరికంటే ఎక్కువసార్లు ఫోన్ చేసేదెవరో, వాళ్లను వెనకసీట్లో తీసుకురమ్మంటాను.