కంచె బయటి శుక్రవారం

దోహాలో ప్రతి శుక్రవారం మా ఆయన నన్ను పార్కుకి తీసుకెళ్ళి, బోలెడన్ని ఫొటోలు తీసేవారు. అలా వెళ్తున్న ఒకరోజు బస్సులో మా తెలుగు విని, ముందు సీట్లోని జగిత్యాల మనిషి వెనక్కి తిరిగి నవ్వాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఊళ్ళో ఉన్న భార్యకి వీడియో కాల్‌లో పార్కు చూపిస్తానని మాటిచ్చాడట. శుక్రవారం తప్ప అతనికి సెలవు లేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని ఆపేశాడు. శుక్రవారం ఫ్యామిలీలకే ప్రవేశం, ఒంటరి మగవాళ్ళకి లేదు. అప్పుడే అతని ఫోన్ మోగింది, భార్య వీడియో కాల్. దాన్ని నా చేతిలో పెట్టాడు.

“అక్కా, జర లోపట తిప్పి చూపెట్టుండ్రి. నేను ఎనక వస్తున్ననని చెప్పుండ్రి.”

పచ్చిక, పూలు, ఫౌంటెన్ అన్నీ చూపించాను. అతను వెనకే వస్తున్నాడని కూడా ఆమెకి చెప్పాను.

“అక్కా, శుక్రారం ఒక్కలను రానియ్యరని నాకెరుకే. మా అన్న గూడ ఆడనే పని చేసిండు. నాకు తెలుసని ఆయనకు చెప్పకుండ్రి,” అని కాల్ కట్ చేసింది.

తిరిగి వచ్చేసరికి అతను కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“సంబురపడ్డదా అక్కా?”

“చాలా,” అన్నాను.

ఆ శుక్రవారం మేము ఒక్క ఫొటో కూడా తీసుకోలేదు.