ఎంతమందికి మిగలాలమ్మా?

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. కెమెరా ముందు నిలబడి, కుడి చెయ్యి కాస్త పైకెత్తి, "నమస్కారం అండి" అన్నానంటే చాలు, లోకం తన పనులన్నీ ఆపేసి నా మాట వింటుందని. ఆ చెయ్యి ఎందుకు ఎత్తేదాన్నో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడం లేదు. బస్సు ఆపడానికి ఎత్తినట్టు ఎత్తేదాన్ని. రోజూ అద్దం ముందు అరగంట సాధన. (మా అమ్మ అది చూసి నాకు భుజం పట్టేసిందనుకుని రెండుసార్లు ఆముదం వెచ్చచేసి రాసింది.) అప్పుడు రాజమండ్రిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. హైదరాబాద్ వెళ్ళి జర్నలిజం చదవాలి, పెద్ద యాంకర్ని కావాలి, ఇదీ నా కోరిక. మా నాన్నగారి ఊహల్లో మాత్రం నేను అప్పటికే బి.ఇడి. పూర్తిచేసి, ఏడో తరగతికి సోషల్ చెబుతూ, చేతిలో స్కేలు కూడా పట్టుకుని ఉన్నాను.

నాన్నగారు గవర్నమెంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఏ దరఖాస్తుకైనా ఒక కాగితం జతచేయకపోతే ఆయనకి తోచదు. నా కోరికకీ ఒక షరతు జతచేశారు. "ఒక్కసారి టీవీలో కనిపించు. మర్నాడే అప్లికేషన్ తెచ్చుకో, సంతకం పెడతాను. ఈ ఏడాదిలోగా కనిపించలేదనుకో, బి.ఇడి." అన్నారు. కనిపించనని ఆయన ధీమా. ఇంకో రెండు నెలల్లో ఏడాది అయిపోతోంది.

అలాంటి సమయంలో దేవుడిలా దొరికారు కేబుల్ మావయ్య. ఆయన మాకు చుట్టం కారు. ఒకప్పుడు మా వీధికి కేబుల్ వైరు లాగిన మనిషి, తర్వాత సొంతంగా ఒక లోకల్ ఛానల్ పెట్టారు. ఆదివారం సాయంత్రం అరగంట ఖాళీగా ఉందని తెలిసి, నేనూ మా క్లాసు అబ్బాయి ఫోకసూ వెళ్ళి అడిగాం. (ఫోకస్ అన్నది మేం పెట్టిన పేరు. వాళ్ళ బాబాయికి పెళ్ళి వీడియోల షాపు ఉండేది. ఆ కెమెరా వీడి చేతికొస్తే ఎదురుగా ఎవరున్నా పట్టించుకోకుండా పెళ్ళికూతురి ముక్కుపుడకనీ, వడ్డించిన లడ్డూనీ దగ్గరికి లాగి లాగి చూపించేవాడు. ఈ బలహీనతతో మనకి తర్వాత పనుంది.) మా కార్యక్రమం పేరు "వృథా చెయ్యకు వదినా". వారానికి ఒక ఇల్లు. ఆ ఇంట్లో నిన్న మిగిలినదాంతో ఇవాళ కొత్త వంట. కేబుల్ మావయ్య విని తల ఊపారు. మిగిలింది మాత్రం నిజంగా మిగిలిందే అయ్యుండాలని, డబ్బాలో బియ్యం తీసి కొత్తగా వండి మోసం చేస్తే మన జనం ఇట్టే పట్టేస్తారని ఒక్క మాట అన్నారు. అదెంత పనండీ అన్నాను నేను. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగి కూడా ఆ మాట అనగలిగానంటే నా తెలివి ఏపాటిదో మీరే చూడండి.

చెప్పాపెట్టకుండా ఒకరింటి వంటగదిలోకి వెళ్ళడం మర్యాద కాదు కదా. అందుకని మండపేటలో రైసుమిల్లు ఉన్న ఫోకస్ వాళ్ళ పెద్దమ్మగారికి ముందురోజు ఫోన్ చేశాను. రేపు వస్తున్నామండి, మీ ఇంట్లో మిగిలినవి తీసి ఉంచండి అన్నాను. మా ఇంట్లో మిగలడమేంటమ్మా, ఎవరు చెప్పారు నీకు అన్నారావిడ. నేను ఆహార వృథా గురించి రాసిపెట్టుకున్న ఉపన్యాసం మొత్తం ఫోన్లో చదివాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. చివరికి, పిల్లలు నోరు తెరిచి అడిగాక కాదనకూడదు అనుకున్నారో ఏమో, మెత్తబడ్డారు.

"సరేనమ్మా. ఎంతమందికి మిగలాలి?" అన్నారు.

ఆ ప్రశ్నలో ఉన్న ప్రమాదం నాకు తట్టలేదు. ఎంత ఎక్కువ మిగిలితే అంత మంచిదండి, టీవీలో నిండుగా కనిపించాలి కదా అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న పదింటికి మేం వెళ్ళేసరికి హాల్లో రెండు బల్లలు కలిపి దుప్పటి పరిచి ఉంది. దానిమీద నిన్నటి కోడి పలావు, నిన్నటి గారెలు, నిన్నటి పులిహోర, నిన్నటి బొబ్బట్లు, ఆవ పెట్టిన నిన్నటి పనసపొట్టు కూర. అన్నీ పొగలు కక్కుతున్నాయి. ఫోకస్ అలవాటుగా కెమెరాని వాటి దగ్గరికంటా తీసుకెళ్ళాడు. అద్దానికి ఆవిరి పట్టేసింది. తుడిచాడు. మళ్ళీ పట్టింది. నిన్నటివేనా పెద్దమ్మా అని అడిగాడు పాపం. ముమ్మాటికీ నిన్నటివే నాన్నా అన్నారావిడ. ఆవిడ వెనకాల వంటావిడ కొంగుతో నుదురు తుడుచుకుంటూ, "తెల్లారగట్ల మూడింటికి మొదలెట్టానండి, ఇప్పటిదాకా నిన్నటివే చేస్తన్నాను" అంది.

ఈలోగా గేటు చప్పుడైంది. పక్కింటావిడ మూత పెట్టిన గిన్నెతో వచ్చారు. వాళ్ళింట్లో కూడా మిగిలాయట, గిన్నె నిండా బూరెలు. ఒక్కటైనా తీసిన జాడ లేదు. ఎదురింటివాళ్ళకి చేపల పులుసు మిగిలింది. ఇంకొకరికి అరిసెలు మిగిలాయి, అవి డబ్బాతో సహా మిగిలాయి. ఎవరి మిగులు ముందు టీవీలో చూపించాలన్నదానిమీద చిన్న మాటపట్టింపు కూడా వచ్చింది. మిల్లు పెద్దమ్మగారు, షూటింగు జరిగేది మా ఇంట్లో కాబట్టి ముందు మా పలావే మిగలాలని తేల్చేశారు.

ఇక నా వంట. నేను చెయ్యి ఎత్తి నమస్కారం అండి అని, ఆ వేడివేడి పలావుని పళ్ళెంలో పోసి చేత్తో మెదిపాను. గారెలు తుంపి అందులో కలిపాను. కట్లెట్లు అవుతాయని వంటల పుస్తకంలో ఉంది. బొబ్బట్లు ముక్కలు చేసి పాలల్లో వేసి మిక్సీ తిప్పాను, పాయసం అవుతుందని నేనే అనుకున్నాను. మిల్లు పెద్దమ్మగారు కుర్చీలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరినో ఆపరేషన్ గదిలోకి పంపినట్టు చూస్తున్నారు. కట్లెట్లు నూనెలో విడిపోయాయి. పాయసం గోడకి మెత్తడానికి సిద్ధంగా ఉంది. రుచి చూడండి అని కెమెరా ముందు ఆవిడకి చెంచా అందిస్తే, ఇవాళ నాకు ఉపవాసం తల్లీ అన్నారు. వంటావిడకీ అప్పటికప్పుడు ఉపవాసం వచ్చింది. ఆహారం వృథా కాకూడదని బయలుదేరిన నేను, ఒక పూటలో, అందరూ చూస్తుండగా, ఒక పెళ్ళికి సరిపోయే పలావుని సర్వనాశనం చేశాను. నేను ముట్టుకోని వంటకాలన్నీ మిల్లులో హమాలీలకీ, లారీ డ్రైవర్లకీ వడ్డించారు. వాళ్ళలో ఒకాయన చెయ్యి కడుక్కుంటూ నా దగ్గరికొచ్చి, టీవీవాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారండి అని ఎంతో గౌరవంగా అడిగాడు.

కేబుల్ మావయ్య ఆ వీడియో మొత్తం చూసి, అమ్మాయీ, ఇందులో పెళ్ళికొడుకు ఎక్కడ అన్నారు. శనివారం సాయంత్రంలోగా నిజంగా మిగిలింది తెస్తే సరి, లేకపోతే ఆ అరగంట భక్తి పాటలకి ఇచ్చేస్తానన్నారు. భక్తి పాటలవాళ్ళు అప్పటికే బయట బెంచీ మీద హార్మోనియంతో కూర్చుని ఉన్నారు. వాళ్ళని చూస్తే నాకు బి.ఇడి. కనిపించింది.

ఈసారి చెప్పకుండానే వెళ్ళాం, మా వెనక వీధిలో తెలిసిన టీచరుగారింటికి. మమ్మల్నీ కెమెరానీ చూడగానే ఆవిడ పరుగున వెళ్ళి ఫ్రిజ్‌కి తాళం వేసి (పాత ఫ్రిజ్‌లకి తాళాలుండేవి), తాళంచెవి బొడ్లో దోపుకుని, దాని తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు. అలా నిలబడే నవ్వుతూ కుశల ప్రశ్నలు వేశారు. కొడుకుని పంపి హోటల్ నుంచి పెసరట్టు ఉప్మా తెప్పించారు. తినేదాకా కదలనివ్వలేదు. ఆ ఫ్రిజ్‌లో ఏముందో నాకు ఈనాటికీ తెలియదు.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి, నా పని అయిపోయిందని ఏడుపు మొహంతో వంటింటి తలుపు తోశాను. లోపల గడియ. తలుపు కొట్టాను. అమ్మ కొద్దిగా తెరిచి, నేనేనని చూసి, లోపలికి లాగి మళ్ళీ గడియ పెట్టింది. రోటి పక్కన పెద్ద స్టీలు గిన్నెలో నిన్నటి అన్నం ఉంది. దాంట్లో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, అల్లం, గుప్పెడు బియ్యప్పిండి.

ఇక్కడ మా నాన్నగారి గురించి ఒక సంగతి చెప్పాలి. ఆయన నిన్నటిది ముట్టరు. అదొక వ్రతం. మా వంశంలో చద్దన్నం తిన్నవాడు లేడని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. అలాగే మా ఇంట్లో చేసే వడల గురించీ చెప్పుకునేవారు. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉండే ఆ వడలు ఊళ్ళో ఇంకెవరికీ రావని, దానికి చెయ్యి తిరిగి ఉండాలని, ఆఫీసులో స్నేహితుల్ని పిలిచి మరీ పెట్టించేవారు.

నేను గిన్నె వంక చూశాను. అమ్మ వంక చూశాను. మెల్లగా మాట్లాడు అంది అమ్మ. నేనింకా ఏమీ మాట్లాడలేదు. అప్పుడు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నాన్నగారు మెచ్చే పప్పు చపాతీలో ఉన్నది పొద్దుటి పప్పు. మజ్జిగ పులుసు, పులిసిపోయిన మజ్జిగ. ఆయన దసరాకి ఆఫీసరుగారింటికి పంపిన వడియాలు, వారం రోజులుగా మిగిలిన అన్నం. ఇరవై రెండేళ్ళుగా ఆ గడియ వెనకాల మా అమ్మ ఒక్కతే "వృథా చెయ్యకు వదినా" నడుపుతోంది, కెమెరా లేకుండా.

"పెళ్ళయిన కొత్తలో పారేద్దామనే పట్టుకెళ్ళానే పెరట్లోకి. అన్నం పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయనా తినరు. మరేం చెయ్యను?" అంది.

నేను కళ్ళు తుడుచుకున్నాను. అయినా ఆ వయసులో స్వార్థం ముందు ఏడుపు ఎంతసేపు నిలుస్తుంది. రెండో నిమిషంలోనే అమ్మా, ఇది షూట్ చేసుకుంటాను అన్నాను. చచ్చినా వద్దంది. బి.ఇడి. గుర్తుచేశాను. భక్తి పాటల హార్మోనియం గురించి చెప్పాను. అమ్మ చాలాసేపు అన్నం వంక చూసి, మొహం కనిపించకూడదు, మాట వినిపించకూడదు, ఒట్టి చేతులే అంది. అమ్మకున్న ముందుచూపు ఎవరికీ ఉండదు. మర్నాడు నాన్నగారు బజారుకి వెళ్ళిన గంటలో షూటింగ్ అంటే, తన గాజులు తీసి పక్కింటావిడ గాజులు వేసుకుంది. చీర కూడా పక్కింటావిడదే. గోడమీద క్యాలెండరు తిప్పి పెట్టింది. నేను పక్కన నిలబడి వివరించాను. వడలు విడిపోలేదు. కేబుల్ మావయ్య ఒకటి తిని, ఇంకొకటి తిని, ఇది మిగిలిందేనా అని మూడోది తిన్నారు.

ఆదివారం సాయంత్రం నాన్నగారు ఆఫీసు స్నేహితులు ముగ్గుర్ని పిలిచారు. తను పెట్టిన షరతులో తనే ఓడిపోతున్నా కూతురు టీవీలో వస్తోందని లోలోపల పొంగిపోతున్నారు. అందరి చేతుల్లోనూ వడల పళ్ళేలు. తెరమీద నేను చెయ్యెత్తాను. ఆ తర్వాత గాజుల చేతులు నిన్నటి అన్నాన్ని మెదపడం మొదలుపెట్టాయి. నాన్నగారు నములుతూ, ఆ చేతుల నేర్పు చూడండి అన్నారు. ఎవరి ఇల్లాలో గాని ఆ భర్త అదృష్టవంతుడు, మనం ఇలాంటివి తినంగానీ ఆవిడ పొదుపు మెచ్చుకోవాలి అన్నారు. వంటింటి గుమ్మం దగ్గర అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

సరిగ్గా అప్పుడే ఫోకస్ దగ్గరికి లాగాడు. చేతులు వదిలేసి, గిన్నె మీదికి. మా గృహప్రవేశానికి వచ్చిన స్టీలు గిన్నె. దాని అంచున చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు తెరంతా నిండాయి. ముగ్గురు స్నేహితుల్లో హెడ్ క్లర్కుగారికి ఎదురుగా ఏం కనిపించినా పైకి చదవడం అలవాటు. ఇంటిపేరుతో సహా మా నాన్నగారి పేరు చదివారు. హోదా చదివారు. గృహప్రవేశ శుభాకాంక్షలు కూడా చదివి, కింద ఇచ్చినవారి పేరు దగ్గర ఆగిపోయారు. ఇచ్చింది ఆయనే.

టీవీలో నేను మాత్రం వృథా చెయ్యకు వదినా అంటున్నాను. నాన్నగారు తెరవంక చూశారు, చేతిలో సగం కొరికిన వడ వంక చూశారు, గుమ్మం వంక చూశారు. ఆ తర్వాత మిగతా సగం నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, మింగి, "ఇంకో రెండు వేయించవే, వాళ్ళ పళ్ళేలు ఖాళీ అయ్యాయి" అన్నారు. ఆయన అమ్మని ఆ విషయం గురించి అప్పుడుగాని తర్వాతగాని అన్నది అంతే.

మర్నాడు పొద్దున్నే, నేను అడక్కుండానే, హైదరాబాద్ అప్లికేషన్ ఎక్కడుంది అన్నారు. సంతకం పెట్టిన చేతిని చూసి, నా ప్రతిభ ఆయన్ని కదిలించిందని చాలా ఏళ్ళు పొంగిపోయాను. నా పెళ్ళయ్యాక అమ్మ నవ్వుతూ అసలు సంగతి చెప్పింది. ఆ ఉదయం నాన్నగారు అమ్మతో, దీన్ని తొందరగా పంపించేద్దామే, ఇంకో వారం ఇంట్లో ఉంటే ఇంకేం బయటపెడుతుందో అన్నారట. మా కార్యక్రమం ఆ ఒక్కసారితో ఆగిపోయింది. భక్తి పాటలు చాలా ఏళ్ళు వచ్చాయి.

నేను యాంకర్ని కాలేదు. ఒక ఛానల్లో వార్తలు రాసే డెస్కులో ఉన్నాను, చెయ్యి ఎత్తాల్సిన అవసరం రాలేదు. ఆ గిన్నె నాతోనే వచ్చింది. లోకానికంతటికీ చెప్పినదాన్ని కదా, నా ఫ్రిజ్‌లో నిన్నటి డబ్బాలు, మొన్నటి డబ్బాలు పేరుకుంటాయి, ఆదివారం ఒక్కసారే కళ్ళు మూసుకుని చెత్తబుట్టలో వేస్తాను. అమ్మకి ఈ మాట ఇంతవరకు చెప్పలేదు, చెప్పాలంటే సిగ్గు. నాన్నగారు రిటైరయ్యాక ఏడాదికి రెండుసార్లు మా ఇంటికొస్తారు. బ్యాగు కింద పెట్టకముందే వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరూ వినకుండా, నిన్నటి అన్నం ఏమైనా ఉందా అమ్మా అని అడుగుతారు. కొత్త అన్నంతో ఆ వడలు రావని ఇప్పుడు ఆయన అందరికీ చెబుతున్నారు. నేనూ మా ఆయనా రాత్రిపూట అన్నమే తినం, ఆ డబ్బాల్లో ఏమున్నా అన్నం మాత్రం ఉండదు. అందుకని ఆయన వచ్చే ముందురోజు, మా నాన్నగారి పేరున్న ఆ గిన్నెతో బియ్యం కొలిచి, ఎవరికీ అక్కర్లేని అన్నం వండుతాను. వండుతూ మిల్లు పెద్దమ్మగారిని తలుచుకుని, ఎంతమందికి మిగలాలో లెక్క వేసుకుంటాను.