లాలయ్యకు రాని దువా

తల్లి దగ్గు వినపడితే చాలు, దూదేకుల లాలయ్య చేతిలో దూది ఏకే విల్లు ఆగిపోయేది. ఫకీరమ్మకు ఉబ్బసం. దగ్గు తెర వచ్చిందంటే ముఖం నల్లబడిపోయేది. అలాగని ఆవిడకు చావంటే భయం లేదు. తన శవం మీద నమాజు చదివేవాడు ఉండడేమోనన్నదే భయం. ఆ భయాన్ని కొడుక్కి కూడా అంటించింది.

ఊరికే కాదు. ఆమె మొగుడు పోయింది నడి వానాకాలంలో. ఘాటీ రోడ్డు తెగిపోయి జయపురం నుంచి మౌల్వీ రాలేకపోయాడు. తమ ఊరు రాయగడలో ఉన్న నలుగురు సాయిబులకూ జనాజా నమాజు రాదు. ఆయన్ని ఒక్క మాటైనా చదవకుండా మట్టిలో పెట్టేశారు. "మీ అయ్యని దూడని పాతినట్టు పాతేసినారు. నన్నూ అలాగే సేత్తావేటిరా?" అని ఆవిడ అన్నప్పుడల్లా లాలయ్యకు ముద్ద దిగేది కాదు.

కొన్నేళ్లకు విజయనగరం నుంచి మొహిద్దీన్ సాయిబు వచ్చి, ఎడ్లకు నాడాలు కొట్టుకుంటూ ఊళ్లో స్థిరపడ్డాడు. ఆయనకు చదువు వచ్చు. లాలయ్య వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"నాలుగు తక్బీర్లురా బాబూ, అంటే నాలుగుమాట్లు అల్లాహు అక్బర్ అనాల," అన్నాడు ముసలాయన. "మొదటిదాని ఎనక అల్లాని పొగడాల. రెండోదాని ఎనక పైగంబరు మీద దరూదు, ఆయనకి దీవెన కోరడం. మూడోదాని ఎనక పోయినోడి కోసం దువా. నాలుగోది అన్నాక సలాం. రోజూ కాసేపు కూకో, అదే వొచ్చెత్తాది."

కూర్చోవడమే కుదరలేదు లాలయ్య మహానుభావుడికి! చలికాలమంటే దూదేకులవాడికి పంటకాలం. కొండచలికి ఆఫీసర్ల ఇళ్ల నుంచి పరుపులూ బొంతలూ వచ్చి పడేవి. పని చేస్తూ వల్లిద్దామా అంటే దుమ్ముకి నోటికి గుడ్డ, విల్లు మోతలో తన మాట తనకే వినపడదు. పని దించి లేస్తే భార్య మదారమ్మ చంటిదాన్ని తెచ్చి అతని ఒళ్లో పడేసేది. మొదటి రెండూ ఎలాగో పట్టుబడ్డాయి. మూడోది అరబ్బీలో పొడుగు దువా, సగంలోనే నాలుక మడత పడేది. తప్పు పలికితే తల్లికి ఏం చుట్టుకుంటుందోనని భయం. నేర్చుకోకపోతే అంతకన్నా భయం.

"శివరాత్రి ఎల్లిపోనీ సాయిబూ. సలి తగ్గితే తీరిగ్గా కూకుంటాను."

"రేపన్నదానికి రూపు లేదురా," అని ముసలాయన గొణిగాడు. వింటేగా!

ఒకరోజు పొద్దున్నే బండి తోలే గున్నయ్య పరుగున వచ్చాడు. "లాలయ్యా! నా ఎద్దుకి నాడా కొడతా కొడతా సాయిబు ఒరిగిపోనాడు! ఊపిరి లేదురా!"

లాలయ్య విల్లు పడేసి పరుగెత్తాడు. తల్లిని కాపలా కాస్తుంటే చావు అటునుంచి వచ్చిందేమిటి? జయపురం బస్సు అప్పటికే వెళ్లిపోయింది, మళ్లీ రేపే. పొద్దుగూకేలోగా మట్టి చెయ్యాలి. స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, నాగావళి ఒడ్డున దింపాక సాయిబులంతా లాలయ్యను ముందుకు తోశారు. "నువ్వే గదా ఆయన కాడ సదూకున్నావు!"

మొదటి తక్బీరు వణుకుతూ వచ్చింది. రెండోది గట్టెక్కింది. మూడోది అన్నాడు. దువాలో తొలి మాట దొరికింది, ఆ తర్వాత ఎంత వెతికినా ఏమీ లేదు. చివరికి లోపల్లోపలే అనుకున్నాడు: "అల్లా, నాకు రాదు. ఈ ముసలోడు మంచోడు. నన్ను సూసి ఈయన్ని వొదిలెయ్యకు." నాలుగో తక్బీరు అని సలాం చెప్పాడు. దువా లోపల చదువుకునేదే కాబట్టి వెనకవాళ్లకు తెలియలేదు. ఇది చెల్లుతుందా? చెప్పగలిగిన ఒక్క మనిషీ ఎదురుగా కళ్లు మూసుకుని ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి గున్నయ్య ముందే చెప్పేశాడు. "మీ వోడు బెమ్మాండంగా సదివేడమ్మా!"

ఫకీరమ్మ ముఖం ఎన్నడూ లేనంత తేటగా ఉంది. "సాల్రా నాయినా. ఇంక నాను బెంగ నేకండా పోతాను," అని కొడుకు తల నిమిరింది.

లాలయ్య ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "పోకే అమ్మా! నాకు రానేదు. మూడోది సదవనేదు. ఎవులికీ తెల్దు."

ఆవిడ చెయ్యి తీసేసింది. చాలాసేపు దగ్గింది. "పరుపులు ఆగుతాయిరా," అంది చివరికి. "నానెంతకని ఆగను?"

మర్నాడు మౌల్వీ దగ్గర ఆ దువా నేర్చుకోవడానికి ఎక్కిన జయపురం బస్సు ఊరి మలుపు తిరిగేదాకా లాలయ్య తల బయటపెట్టి వెనక్కే చూస్తూ ఉన్నాడు, ఎవరైనా అమ్మ కబురుతో తనకోసం పరుగెత్తుకొస్తున్నారేమోనని.