గోడ మీద ఆడిన సినిమా

కరోనాకు ముందు ఏడాది, రోహిణి కార్తెలో, నన్ను రాజోలు దగ్గర ఒక కొబ్బరితోటకు పంపారు. హోదా స్టోరీబోర్డు ఆర్టిస్టు. షూటింగుకు ముందే ప్రతి షాటూ కాగితం మీద గీసి, కెమెరా ఎటు కదలాలో ఎర్ర బాణంతో చూపడం మా పని. యూనిట్లో డైరెక్టరు తర్వాత కథ మొత్తం తెలిసినవాణ్ణి నేనే. భోజనాల వరసలో మాత్రం జనరేటరు డ్రైవరు తర్వాత.

తోట సుబ్బరాజుగారిది. ముందు ఆయన మీసం గదిలోకి వచ్చేది, కాసేపటికి ఆయన. కథ చూస్తేగాని తోట ఇవ్వనన్నారు. వారి సావిట్లో బొమ్మలు వరసగా అంటించాను. గోడ చాలక కథ ధాన్యం గాదె మీదకు పాకింది.

చేతికర్రతో ఒక్కో బొమ్మా తడుముతూ వచ్చి, విలన్ తోట తగలబెట్టే క్లైమాక్సు దగ్గర ఆగారు.

"ఇది మా తోటే కదండీ?"

"ఆయ్. నిజం మంట కాదండీ, కంప్యూటర్లో పెడతారు."

"అయితే ఆ కంప్యూటర్లో మీ తోట పెట్టుకోండి. మా నాన్నగారు పాతిన చెట్లండి ఇవి. బొమ్మలో కూడా సెగ తగలకూడదు."

సాయంత్రంలోగా ఆయన చేత ఊ అనిపించకపోతే రాజమండ్రి బస్సెక్కమన్నాడు డైరెక్టరు. అంటే తోట బతికితేనే నా ఉద్యోగం బతుకుతుంది.

క్లైమాక్సు మళ్ళీ గీశాను. విలన్ అగ్గిపుల్ల గీస్తాడు, గోదావరి గాలి ఆర్పేస్తుంది. అలా ఒక్కో పుల్లా ఆరి అగ్గిపెట్టె ఖాళీ అవుతుంది. నీరసించిన విలన్ కొబ్బరిబొండం తాగి లొంగిపోతాడు.

రాజుగారు ఎంతసేపు చూశారంటే, వంటింట్లో పనసపొట్టు కూర ఉడికి, చల్లారి, మళ్ళీ వేడెక్కింది.

"ఇప్పుడు న్యాయంగా ఉందండి. మరి ఇంటర్వెల్ ఏదండీ, ఆర్టిస్టుగారూ?"

ఇంటర్వెల్‌కు బొమ్మ గీసే ఆచారం మా వృత్తిలో లేదు. అయినా ఖాళీ కాగితం మీద 'విశ్రాంతి' అని రాసి మధ్యలో అంటించాను. ఒప్పుకున్నారు. డైరెక్టరు కొత్త క్లైమాక్సు చూసి తల పట్టుకుని, ఆ తలనే సరేనన్నట్టు ఊపాడు.

మర్నాడు నిర్మాతకూ హీరోకూ మాట పట్టింపు వచ్చి, ఒక్క షాటూ తీయకుండానే సినిమా ఆగిపోయింది. బొమ్మలు ఊడదీసుకోవడానికి వెళ్ళాను.

"ఆడుతున్న సినిమాని ఎత్తేస్తారా అండీ?" అన్నారు రాజుగారు.

నిరుడు దిండి వెళుతూ ఆ ఇంటి దగ్గర ఆగాను. బొమ్మలన్నిటికీ అద్దాలు కట్టించారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, వచ్చిన పని మరచి, రాజుగారి కర్ర వెంట కథ వింటున్నారు. 'విశ్రాంతి' దగ్గర అందరికీ కాఫీలు వచ్చాయి. నాకూ ఇచ్చారు.

నా సర్వీసులో గీసిన మిగతా బోర్డులన్నీ షూటింగు అయిన సాయంత్రమే చెత్తబుట్టలోకి పోయాయి. ఇది ఇంకా ఆడుతోంది. వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒకటే: ఇంటర్వెల్‌కు ఒక కాగితం వదలండి.